చెస్టర్ కార్ల్‌సన్

చెస్టర్ ఫ్లాయిడ్ కార్ల్‌సన్ (ఫిబ్రవరి 8, 1906 - సెప్టెంబరు 19, 1968) అమెరికాకు చెందిన భౌతిక శాస్త్ర పట్టభద్రుడు, ఇంజనీరు, పేటెంట్ న్యాయ నిపుణుడు, ఆవిష్కర్త. తడి రసాయనాల అవసరం లేకుండా, స్థిర విద్యుత్తు, కాంతి సహాయంతో మామూలు కాగితంపై నకళ్ళు తీసే జిరోగ్రఫీ పద్ధతిని కనిపెట్టిన వ్యక్తిగా ఇతడు ప్రసిద్ధుడు. తెలుగునాట ఊరూరా కనిపించే జిరాక్స్ దుకాణాలకు మూలం ఇతడి ఆవిష్కరణయే. ఇంజనీరుగా జీవితం ప్రారంభించి, పేటెంట్ విభాగంలో గుమాస్తా స్థాయి పని చేస్తూ, రాత్రి కళాశాలలో న్యాయశాస్త్రం అభ్యసించిన కార్ల్‌సన్, ఆ ఉద్యోగంలో తాను పడిన ఇబ్బంది నుండే ఈ ఆలోచనకు రూపమిచ్చాడు.

బాల్యం

కార్ల్‌సన్ అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో గల సియాటిల్ నగరంలో జన్మించాడు. తండ్రి ఓలోఫ్ అడాల్ఫ్ కార్ల్‌సన్ మంగలి వృత్తిలో ఉండేవాడు. తల్లి పేరు ఎలెన్. కార్ల్‌సన్ పసివాడుగా ఉన్నప్పుడే తండ్రికి క్షయ వ్యాధి, దానికి తోడు వెన్నెముక కీళ్ళవాతం సోకాయి. 1910లో ఈ కుటుంబం ఒక భూ వలస పథకాన్ని నమ్మి మెక్సికోకు తరలి వెళ్ళింది. అక్కడ తల్లికి మలేరియా సోకింది. ఏడు నెలలు గడిచేసరికి ఉన్న కాస్త ధనం కూడా ఖర్చయి, వారు తిరిగి అమెరికా చేరుకొని కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినో ప్రాంతంలో స్థిరపడ్డారు.

తల్లిదండ్రులిద్దరూ వ్యాధిగ్రస్తులు కావడంతో కార్ల్‌సన్ ఎనిమిదేళ్ళ వయసు నుండే చిన్న చిన్న పనులు చేయవలసి వచ్చింది. పదమూడేళ్ళ వయసులో బడికి వెళ్ళే ముందు రెండు మూడు గంటలు పని చేసి, బడి ముగిశాక మళ్ళీ పనికి వెళ్ళేవాడు. ఉన్నత పాఠశాలలో చదివే నాటికి ఇంటి పోషణ భారం ప్రధానంగా ఇతనిమీదే ఉండేది. ఇతని పదిహేడవ ఏట తల్లి క్షయవ్యాధితో మరణించింది.

అచ్చు పని మీద కార్ల్‌సన్‌కు చిన్ననాటి నుండే ఆసక్తి ఉండేది. పదేళ్ళ వయసులోనే చేతితో ఒక చిన్న పత్రికను తయారు చేసి మిత్రుల మధ్య తిప్పేవాడు. రబ్బరు అచ్చుల పెట్టె, పిన్నమ్మ బహుమతిగా ఇచ్చిన ఆట టైపుమిషను ఇతనికి ప్రియమైన వస్తువులు. తరువాత స్థానిక ముద్రాపకుని వద్ద పని చేస్తూ ఒక పాత అచ్చుయంత్రాన్ని సంపాదించి, రసాయన శాస్త్రంపై ఆసక్తిగల విద్యార్థుల కోసం ఒక పత్రికను ముద్రించాడు. ఒక్కొక్క అక్షరాన్నీ పేర్చి అచ్చు వేయడంలోని శ్రమ ఇతనికి ఆ వయసులోనే అనుభవమైంది.

విద్యాభ్యాసం

ఉన్నత పాఠశాల విద్య ముగిశాక కార్ల్‌సన్ రివర్‌సైడ్ జూనియర్ కళాశాలలో చేరాడు. అక్కడ ఆరు వారాలు ఉద్యోగం, ఆరు వారాలు చదువు అనే పద్ధతి ఉండేది. మొదట రసాయన శాస్త్రం ఎంచుకున్నా తరువాత భౌతిక శాస్త్రానికి మారాడు. అక్కడినుండి పాసడీనాలోని కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో చేరి 1930లో భౌతిక శాస్త్రంలో పట్టా పుచ్చుకున్నాడు. చదువు పూర్తయ్యేనాటికి ఇతనికి సుమారు 1,500 డాలర్ల అప్పు మిగిలింది.

అప్పటికి అమెరికాను మహా ఆర్థికమాంద్యం చుట్టుముట్టింది. కార్ల్‌సన్ ఉద్యోగం కోసం 82 సంస్థలకు ఉత్తరాలు వ్రాశాడు. వాటిలో రెండు సంస్థలు మాత్రమే జవాబిచ్చాయి. ఉద్యోగం మాత్రం ఎవరూ ఇవ్వలేదు.

ఉద్యోగం - పేటెంట్ విభాగం

చివరికి న్యూయార్క్ లోని బెల్ టెలిఫోన్ లేబొరేటరీస్‌లో వారానికి 35 డాలర్ల జీతంపై పరిశోధక ఇంజనీరుగా చేరాడు. ఒకే రకమైన ఆ పని విసుగు కలిగించడంతో ఏడాది తరువాత అదే సంస్థలోని పేటెంట్ విభాగానికి మారి, పేటెంట్ న్యాయవాదికి సహాయకుడయ్యాడు. 1933లో ఆ ఉద్యోగం పోయింది. కొద్ది వారాలకు వాల్‌స్ట్రీట్ సమీపంలోని ఒక పేటెంట్ న్యాయవాదుల సంస్థలో చేరాడు. సుమారు ఏడాది తరువాత విద్యుత్ పరికరాలు తయారు చేసే పి.ఆర్.మల్లొరీ కంపెనీలో చేరి, కాలక్రమంలో ఆ సంస్థ పేటెంట్ విభాగానికి అధిపతి అయ్యాడు. తరువాతి కాలంలో డ్యూరాసెల్ బ్యాటరీలతో పేరొందినది ఈ కంపెనీయే.

కొత్త వస్తువును గాని, పద్ధతిని గాని కనిపెట్టిన వ్యక్తికి, దాని వివరాలను బహిరంగ పరచినందుకు ప్రతిఫలంగా, ప్రభుత్వం కొంత కాలంపాటు ఇచ్చే ప్రత్యేక హక్కును పేటెంట్ అంటారు. ఆనాటి అమెరికా చట్టం ప్రకారం ఈ హక్కు పేటెంట్ మంజూరైన నాటి నుండి 17 సంవత్సరాలు ఉండేది. పేటెంట్ దరఖాస్తులో ఆవిష్కరణను వర్ణించే భాగంతో పాటు, హక్కు ఎంతవరకు వర్తిస్తుందో తెలిపే క్లెయిములు ఉంటాయి. పొలానికి సరిహద్దు రాళ్ళు ఎలాంటివో పేటెంటుకు క్లెయిములు అలాంటివి. అవి ఇరుకుగా ఉంటే పోటీదారులు పక్కనుండి దారి చేసుకుంటారు. మరీ వెడల్పుగా ఉంటే పరిశీలకులు తిరస్కరిస్తారు, లేదా న్యాయస్థానం కొట్టివేస్తుంది. యంత్రం పనితీరు, చట్టం భాష రెండూ తెలిసినవారికే ఈ పని సాధ్యం. కార్ల్‌సన్ ఈ విద్యలో ఆరితేరాడు. అయితే ఇతడు న్యాయస్థానాలలో వాదించిన న్యాయవాదిగా కాక, దరఖాస్తులను తయారు చేసి పేటెంట్ కార్యాలయంలో నడిపించిన నిపుణుడిగానే గుర్తింపు పొందాడు.

న్యాయశాస్త్ర విద్య

వృత్తిలో పైకి రావాలంటే న్యాయశాస్త్ర పట్టా అవసరమని గ్రహించి, కార్ల్‌సన్ 1936లో న్యూయార్క్ లా స్కూల్‌లో రాత్రి తరగతులలో చేరాడు. పుస్తకాలు కొనే స్తోమత లేకపోవడంతో న్యూయార్క్ ప్రజా గ్రంథాలయంలో కూర్చుని న్యాయశాస్త్ర గ్రంథాలలోని పుటలకు పుటలు చేతితో వ్రాసుకొనేవాడు. తండ్రిని బాధించిన వెన్నెముక కీళ్ళవాతం ఇతనికీ సంక్రమించడం వలన గంటల తరబడి వంగి వ్రాయడం కష్టంగా ఉండేది. 1939లో ఇతడు న్యాయశాస్త్రంలో పట్టా పొందాడు.

నకళ్ళ సమస్య

పేటెంట్ కార్యాలయానికి పంపే దరఖాస్తుకు, పటాలకు అనేక ప్రతులు అవసరమయ్యేవి. ఆ రోజుల్లో నకలు కావాలంటే ఉన్న మార్గాలు కొన్నే. టైపు చేసేటప్పుడే కార్బన్ కాగితాలు పెట్టాలి, లేదా ముందున్న ప్రతిని చూసి మళ్ళీ మొదటి నుండి టైపు చేసి సరిచూసుకోవాలి. పటాలైతే బయటి సంస్థకు పంపి ఫోటోస్టాట్ తీయించాలి. ఇది ఖర్చుతో కూడినదే కాక, ప్రత్యేకమైన కాగితం, తడి రసాయనాలు అవసరమైన ప్రక్రియ. కార్యాలయంలోనే, మామూలు కాగితంపై, మీట నొక్కగానే నకలు తీసే యంత్రం ఉంటే బాగుండునన్న ఆలోచన కార్ల్‌సన్‌కు ఈ పరిస్థితిలో కలిగింది.

ఇతడు గ్రంథాలయంలో శాస్త్ర గ్రంథాలను కూడా పరిశీలించసాగాడు. రసాయన ప్రక్రియలతో కూడిన ఫోటోగ్రఫీ రంగంలో పెద్ద సంస్థలు అప్పటికే కృషి చేస్తున్నందున, ఆ దారిని విడిచి కాంతివాహకత అనే ధర్మం మీద దృష్టి పెట్టాడు. కొన్ని పదార్థాలు చీకటిలో విద్యుత్ నిరోధకాలుగా ఉండి, వెలుతురు పడినపుడు విద్యుత్ వాహకాలుగా మారతాయి. హంగేరీ భౌతిక శాస్త్రవేత్త పాల్ సెలెన్యీ స్థిర విద్యుత్తుతో ప్రతిబింబాలను ఏర్పరచడంపై వ్రాసిన వ్యాసాలు ఇతని ఆలోచనకు తోడ్పడ్డాయి. ఈ రెంటినీ కలిపి, తాను ఎలక్ట్రోఫోటోగ్రఫీ అని పేరు పెట్టిన పద్ధతికి 1937 అక్టోబరు 18న ప్రాథమిక పేటెంట్ దరఖాస్తు సమర్పించాడు. అప్పటికి ఆ పద్ధతిలో ఒక్క నకలు కూడా తయారు కాలేదు.

ప్రయోగాలు

తొలి ప్రయోగాలు న్యూయార్క్ నగరంలోని జాక్సన్ హైట్స్‌లో, తాను నివసించే ఇంటి వంటగదిలోనే జరిగాయి. పొయ్యి మీద గంధకాన్ని కరిగించి లోహపు పలకలకు పూత పూసేవాడు. ఆ వాసన, అప్పుడప్పుడు రేగే మంటలు ఇంట్లో వారికి ఇబ్బందిగా పరిణమించాయి. అందుచేత అస్టోరియా ప్రాంతంలో అత్తగారికి చెందిన ఇంట్లో పై అంతస్తు గదిని ప్రయోగశాలగా చేసుకొని, ఆస్ట్రియా నుండి శరణార్థిగా వచ్చిన ఆటో కోర్నీ అనే ఇంజనీరును సహాయకుడిగా నియమించుకున్నాడు.

1938 అక్టోబరు 22న వీరి ప్రయత్నం ఫలించింది. కోర్నీ జింకు పలకకు గంధకం పూత పూసి సిద్ధం చేశాడు. గాజు పలకపై నల్లని సిరాతో ఆనాటి తేదీ, స్థలం పేరు వ్రాశాడు. గది చీకటి చేసి, గంధకపు పూతను చేతి రుమాలుతో రుద్ది స్థిర విద్యుత్తు పుట్టించారు. దానిపై గాజు పలకను ఉంచి కొద్ది క్షణాలు ప్రకాశవంతమైన దీపపు కాంతిలో ఉంచారు. కాంతి పడిన చోట విద్యుదావేశం తొలగిపోయింది. సిరా అక్షరాల నీడ పడిన చోట మాత్రం నిలిచింది. లైకోపోడియం మొక్క సిద్ధబీజాల పొడి చల్లి మెల్లగా ఊదగా, అక్షరాల ఆకారంలో పొడి మిగిలింది. దానిపై మైనపు కాగితం అద్ది వేడి చేయగా ఆ పొడి కాగితానికి అంటుకుంది. 10-22-38 అస్టోరియా అని చదవదగిన ఆ కాగితమే ప్రపంచంలో మొదటి జిరోగ్రఫీ నకలు.

ఒప్పందం ప్రకారం ఈ ఆవిష్కరణపై వచ్చే ఆదాయంలో కోర్నీకి పది శాతం రావలసి ఉంది. అయితే దీనికి భవిష్యత్తు ఉంటుందన్న నమ్మకం లేక, అతడు ఆ ఒప్పందాన్ని రద్దు చేసుకొని వేరే ఉద్యోగంలో చేరాడు. సంపన్నుడైన తరువాత కార్ల్‌సన్ ఇతనికి వంద జిరాక్స్ షేర్లు కానుకగా పంపాడు.

పేటెంట్లు, తిరస్కరణలు

కార్ల్‌సన్ దరఖాస్తులను స్వయంగా తయారు చేసుకున్నాడు. 1940 నవంబరు 19న 2,221,776 సంఖ్యగల పేటెంట్, 1942 అక్టోబరు 6న ఈ రంగానికి మూలస్తంభమనదగిన 2,297,691 సంఖ్యగల పేటెంట్ లభించాయి. గంధకం, లైకోపోడియం పొడి వంటి ఫలానా పదార్థాలకు పరిమితం కాకుండా, ఆవేశపరచడం, కాంతిని ప్రసరింపజేయడం, పొడితో ప్రతిబింబాన్ని కనబరచడం అనే మెట్ల క్రమాన్నే క్లెయిములలో చేర్చడం ఇతని వృత్తి నైపుణ్యానికి నిదర్శనం. ధనం గాని, ప్రయోగశాల గాని లేని వ్యక్తికి ఈ కాగితాలే ఏకైక ఆస్తి.

1939 నుండి 1944 వరకు కార్ల్‌సన్ ఇరవైకి పైగా సంస్థలను సంప్రదించాడు. ఐబిఎం, జనరల్ ఎలక్ట్రిక్, ఆర్‌సిఏ, కోడాక్ వంటి పెద్ద సంస్థలేవీ ఆసక్తి చూపలేదు. కార్బన్ కాగితం ఉండగా ఇంత హంగామా దేనికన్నది నాటి వ్యాపార వర్గాల ధోరణి. 1944లో వేరే పనిమీద మల్లొరీ కంపెనీకి వచ్చిన బాటెల్ మెమోరియల్ ఇన్‌స్టిట్యూట్ ప్రతినిధి ద్వారా పరిస్థితి మారింది. ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్ నగరంలో గల ఈ లాభాపేక్ష లేని పరిశోధనా సంస్థ, రాయల్టీలో వాటా ప్రాతిపదికన పరిశోధన కొనసాగించడానికి అంగీకరించింది. అక్కడ గంధకానికి బదులు సెలీనియం వాడడంతో పలక కాంతికి అనేక రెట్లు సున్నితంగా స్పందించింది.

జిరోగ్రఫీ

న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్ నగరంలో ఫోటో కాగితాలు తయారు చేసే హాలాయిడ్ అనే చిన్న కంపెనీ ఉండేది. ఆ సంస్థలోని పరిశోధకుడు జాన్ డెసావర్ ఈ పద్ధతిపై వెలువడిన వ్యాసం సారాంశాన్ని చదివి, అధిపతి జోసెఫ్ విల్సన్ దృష్టికి తెచ్చాడు. 1946 చివర, 1947 ఆరంభంలో కుదిరిన ఒప్పందంతో హాలాయిడ్‌కు లైసెన్సు లభించింది. ఎలక్ట్రోఫోటోగ్రఫీ అన్న పేరు పలకడానికి కష్టంగా ఉన్నందున, గ్రీకు భాషలో పొడి, వ్రాత అనే అర్థాలు గల పదాలను కలిపి జిరోగ్రఫీ అని పేరు పెట్టారు. మొదటి నకలు తీసి సరిగ్గా పదేళ్ళయిన రోజున, అనగా 1948 అక్టోబరు 22న, డెట్రాయిట్‌లో జరిగిన ఆప్టికల్ సొసైటీ సమావేశంలో దీనిని ప్రజలకు ప్రదర్శించారు.

1949లో వచ్చిన మోడల్ ఏ యంత్రంలో అనేక పనులు చేతితో చేయవలసి ఉండేది. నకళ్ళ కన్నా ఆఫ్‌సెట్ ముద్రణకు మూల ప్రతులు తయారు చేయడానికే అది ఎక్కువగా ఉపయోగపడింది. కార్ల్‌సన్ హాలాయిడ్‌కు సలహాదారుగా ఉంటూ రోచెస్టర్ ప్రాంతానికి నివాసం మార్చుకున్నాడు. 1947 నుండి 1960 వరకు ఈ సంస్థ జిరోగ్రఫీ పరిశోధనపై సుమారు ఏడున్నర కోట్ల డాలర్లు ఖర్చు చేసింది. మిగతా వ్యాపారంలో వచ్చిన ఆదాయానికి ఇది దాదాపు రెట్టింపు.

1959 సెప్టెంబరు 16న విడుదలైన జిరాక్స్ 914 ఈ కథను మలుపు తిప్పింది. 9 అంగుళాల వెడల్పు, 14 అంగుళాల పొడవు గల కాగితాల వరకు నకలు తీయగలగడం వలన దీనికి ఆ పేరు వచ్చింది. దాదాపు 294 కిలోల బరువు గల ఈ యంత్రం నిమిషానికి ఏడు నకళ్ళు తీసేది. కంపెనీ దీనిని అద్దెకిచ్చింది. నెలకు 95 డాలర్ల అద్దె మీద 2,000 నకళ్ళు తీసుకోవచ్చు, అంతకు మించితే నకలుకు ఇంత అని చెల్లించాలి. దీనికి లభించిన ఆదరణ కంపెనీ అంచనాలను మించిపోయింది. హాలాయిడ్ 1958లో హాలాయిడ్ జిరాక్స్‌గాను, 1961లో జిరాక్స్ కార్పొరేషన్‌గాను పేరు మార్చుకుంది.

ఇందులో ఒక విశేషం ఉంది. 1942లో మంజూరైన మూల పేటెంట్ గడువు 1959 అక్టోబరులో, అంటే 914 విడుదలైన కొద్ది వారాలకే ముగిసింది. ఆవిష్కరణ బజారుకు చేరడానికి పట్టిన కాలం పేటెంట్ ఆయుష్షును దాదాపుగా మింగివేసింది. సెలీనియం వాడకం వంటి మెరుగుదలలపై తరువాత పొందిన పేటెంట్లే సంస్థను పోటీ నుండి కాపాడాయి. ఒప్పందాల ప్రకారం కార్ల్‌సన్‌కు మాత్రం 1965 వరకు ప్రపంచంలో తీసిన ప్రతి జిరాక్స్ నకలుపై సెంటులో పదహారవ వంతు చొప్పున రాయల్టీ లభించింది.

పేటెంట్ వ్యాజ్యాలు

కార్ల్‌సన్ మరణానంతరం జిరోగ్రఫీ పేటెంట్లు అమెరికా న్యాయస్థానాలలో పెద్ద వివాదాలకు కారణమయ్యాయి. 1970లో ఐబిఎం సొంత కాపీయంత్రాన్ని విడుదల చేయగా జిరాక్స్ పేటెంట్ ఉల్లంఘన దావా వేసింది. ఇది 1978లో రాజీతో ముగిసింది. మరొకవైపు గుత్తాధిపత్యం ఆరోపణపై ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చేపట్టిన చర్య ఫలితంగా, 1975లో జిరాక్స్ తన పేటెంట్లను ఇతర సంస్థలకు లైసెన్సుకు ఇవ్వడానికి అంగీకరించింది. దీని తరువాత జపాన్ సంస్థలతో సహా అనేక పోటీదారులు ఈ రంగంలో బలపడ్డారు.

1973లో ఎస్‌సిఎం కార్పొరేషన్ వేసిన దావా న్యాయశాస్త్ర విద్యార్థులకు ముఖ్యమైనది. 1956లో బాటెల్ నుండి పేటెంట్లను పూర్తిగా పొందడం ద్వారా జిరాక్స్ చట్టవిరుద్ధమైన గుత్తాధిపత్యం సంపాదించిందని ఎస్‌సిఎం వాదించింది. మార్కెట్టే ఏర్పడని కాలంలో, విజయం అనిశ్చితంగా ఉన్నప్పుడు సక్రమంగా పొందిన పేటెంట్లను తరువాత అవి విలువైనవైనంత మాత్రాన తప్పు పట్టరాదన్న అభిప్రాయంతో 1981లో అప్పీలు న్యాయస్థానం జిరాక్స్ పక్షాన తీర్పు చెప్పింది.

కాపీహక్కు వివాదాలు

పేటెంట్ హక్కుల నిపుణుడు కనిపెట్టిన యంత్రం కాపీహక్కు చట్టానికి కొత్త చిక్కులు తెచ్చింది. అంతవరకు పుస్తకానికి నకలు తీయాలంటే అచ్చుయంత్రం కావాలి కనుక ప్రచురణకర్తలకు పాఠకుల వలన భయం ఉండేది కాదు. 1968లో విలియమ్స్ అండ్ విల్కిన్స్ అనే వైద్య పత్రికల ప్రచురణ సంస్థ, ప్రభుత్వ వైద్య గ్రంథాలయాలు వ్యాసాల నకళ్ళు తీసి ఇస్తున్నాయంటూ అమెరికా ప్రభుత్వంపై దావా వేసింది. 1973లో కోర్ట్ ఆఫ్ క్లెయిమ్స్ దీనిని న్యాయమైన వినియోగంగా పరిగణించింది. 1975లో సుప్రీంకోర్టు న్యాయమూర్తులు సమానంగా చీలిపోవడంతో ఆ తీర్పే నిలిచింది. 1976 నాటి అమెరికా కాపీహక్కు చట్టంలో న్యాయమైన వినియోగానికి, గ్రంథాలయాల నకళ్ళకు ప్రత్యేక విభాగాలు చేర్చారు.

భారతదేశంలో కూడా ఇటువంటి వివాదం తలెత్తింది. ఢిల్లీ విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని ఒక జిరాక్స్ దుకాణం, పాఠ్యాంశాలకు అవసరమైన పుస్తక భాగాలను నకలు తీసి కుట్టి విద్యార్థులకు అమ్ముతున్నదని 2012లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయాల ముద్రణాలయాలు, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ సంస్థ దావా వేశాయి. 1957 నాటి భారత కాపీహక్కు చట్టంలోని 52వ సెక్షను బోధన కోసం చేసే నకళ్ళకు మినహాయింపు ఇస్తుందని పేర్కొంటూ 2016 సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు దావాను కొట్టివేసింది. అదే ఏడాది డిసెంబరులో డివిజన్ బెంచి ఆ సూత్రాన్ని సమర్థిస్తూనే, కొన్ని అంశాలను తిరిగి విచారణకు పంపింది. 2017లో ప్రచురణకర్తలు దావాను ఉపసంహరించుకున్నారు. పుస్తకాలు కొనలేక చట్ట గ్రంథాలను చేతితో నకలు వ్రాసుకున్న విద్యార్థి కనిపెట్టిన పద్ధతి, పుస్తకాలు కొనలేని విద్యార్థుల హక్కుకు సంబంధించిన వ్యాజ్యానికి కేంద్రమైంది.

తెలుగులో జిరాక్స్ అన్నది సంస్థ పేరుగా కాక, నకలు అనే అర్థంలో వాడుక పదంగా స్థిరపడింది. మార్కుల జాబితా, రేషన్ కార్డు, భూమి పత్రాల వంటి వాటికి జిరాక్స్ జతచేయడం దరఖాస్తులలో సామాన్యమైన నియమం.

వ్యక్తిగత జీవితం, దాతృత్వం

కార్ల్‌సన్ 1934లో ఎల్సా వాన్ మాలన్‌ను వివాహమాడాడు. 1945లో వీరు విడాకులు తీసుకున్నారు. తరువాత డోరిస్‌ను వివాహమాడాడు. ఆమె ప్రభావంతో ఇతనికి హిందూ వేదాంతం, జెన్ బౌద్ధం పట్ల ఆసక్తి కలిగింది. రోచెస్టర్‌లో జెన్ ధ్యాన కేంద్రం స్థాపనకు తోడ్పడ్డాడు. పునర్జన్మ జ్ఞాపకాల గురించి భారతదేశంతో సహా పలు దేశాలలో పరిశోధించిన వర్జీనియా విశ్వవిద్యాలయపు వైద్యుడు ఇయాన్ స్టీవెన్‌సన్‌కు ఆర్థిక సహాయం అందించాడు.

అపార ధనం చేతికందినా కార్ల్‌సన్ నిరాడంబరంగా జీవించాడు. విద్యాసంస్థలకు, శాంతి పరిశోధనకు, నల్లజాతి విద్యార్థుల కళాశాలలకు, పౌరహక్కుల సంస్థలకు విరాళాలిచ్చాడు. తన పేరు బయటపెట్టవద్దని కోరడం ఇతనికి అలవాటు. ఇతడు దానం చేసిన మొత్తం పది కోట్ల డాలర్లకు పైగా ఉంటుందని అంచనా. 1968లో ఫార్చూన్ పత్రిక తనను అత్యంత సంపన్నుల జాబితాలో చేర్చినపుడు, తన ఆస్తి అంత లేదని ఆ పత్రికకు ఉత్తరం వ్రాశాడు. అప్పటికే సంపదలో అధిక భాగాన్ని పంచిపెట్టాడు.

మరణం, గౌరవాలు

1968 సెప్టెంబరు 19న న్యూయార్క్ లోని ఒక సినిమా హాలులో చిత్రం చూస్తుండగా గుండెపోటుతో కార్ల్‌సన్ మరణించాడు. అప్పటికి ఇతని వయసు 62 సంవత్సరాలు. ఐక్యరాజ్య సమితి ప్రధాన కార్యదర్శి యూ థాంట్ ఇతనికి నివాళి అర్పించాడు.

1981లో అమెరికా జాతీయ ఆవిష్కర్తల కీర్తి మందిరంలో కార్ల్‌సన్‌కు స్థానం లభించింది. 1988లో అమెరికా తపాలా శాఖ ఇతని చిత్రంతో 21 సెంట్ల తపాలా బిళ్ళ విడుదల చేసింది. మొదటి నకలుకు యాభై ఏళ్ళు నిండిన 1988 అక్టోబరు 22ను కార్ల్‌సన్ గుర్తింపు దినంగా పాటించాలని అమెరికా కాంగ్రెసు చట్టం చేసింది. రోచెస్టర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలోని ప్రతిబింబ శాస్త్ర కేంద్రానికి ఇతని పేరు పెట్టారు. కార్యాలయాలలో వాడే లేజర్ ప్రింటర్లు సైతం ఇతడు కనిపెట్టిన సూత్రంపైనే పనిచేస్తాయి.